తగిలించిన చెయ్యే తీయాలి

పొద్దున్న ఆరింటికి నా ఫోనుకు ఒక సందేశం వస్తుంది. పంపేది మనిషి కాదు, నేను రాసిన స్క్రిప్టు. సర్వర్లో ఆ రోజు చేయవలసిన పనులు తనంతట తాను చేసి, ఏం చేసిందో వరుసగా చెబుతుంది. మొన్న ఆగస్టు సగంలో ఆ సందేశం మారింది. అప్పటి నుంచి రోజూ ఒకటే వాక్యం: "ట్యాగ్ ఉంది. ఏ పనీ చేయకుండా వెనక్కి వెళ్తున్నాను."

అది చదివి, సరే, చెప్పిన మాట వింటోంది అనుకుని కాఫీ పెట్టుకునేదాన్ని.

ముందు ఆ సర్వర్ సంగతి చెప్పాలి. మా వారికి చివరి నాలుగేళ్లు వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయించాం. సీతమ్మధారలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక చిన్న సెంటర్ ఉంది. పన్నెండు మంచాలు, మూడు షిఫ్టులు. ఒక మెషిన్ చెడినా, ఒక పేషెంటు పెద్దాస్పత్రిలో చేరినా మర్నాటి వరుస మొత్తం కదిలిపోతుంది. ఆ వరుసను సాయంత్రం గోడ మీది బోర్డులో రాసేవారు. బోర్డు చూడాలంటే రావాలి. సబ్బవరం నుంచి ఒక రిటైరైన టీచరమ్మ మొదటి బస్సుకు వచ్చి, తన వంతు మధ్యాహ్నానికి మారిందని తెలుసుకుని, బయట మెట్ల మీద కూర్చునేది. వాట్సాప్ గ్రూపు పెట్టి చూశారు. ఎవరో పోయిన వారం బోర్డు ఫొటోను మళ్ళీ పంపారు. అది చూసి ఒకాయన రావలసిన రోజు రాకుండా ఇంట్లో ఉండిపోయాడు. మర్నాటికి ఊపిరాడక ఆస్పత్రిలో చేరాడు. గ్రూపు మూసేశారు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ఫ్యాక్టరీ కంప్యూటర్ సెక్షన్లో పనిచేసినదాన్ని. మా వారు పోయిన తరువాత ఆ సెంటర్ కోసం ఒక వెబ్ పేజీ తయారుచేశాను. సాయంత్రం నర్సు మర్నాటి వరుస ఎక్కిస్తుంది, పేషెంట్లు ఇంటి దగ్గరే ఫోనులో చూసుకుంటారు. అది చూసి మా చర్చి వాళ్లు అడిగారు, రిటైరైన వాళ్ల సంఘం అడిగింది, చూస్తూండగా ఆ ఒక్క సర్వర్ మీద తొమ్మిది సైట్లయ్యాయి.

ఒక సైటు పెట్టాలంటే సర్వర్‌కు ఒక ఫైలు రాసి ఇవ్వాలి. ఈ పేరుతో ఎవరైనా వస్తే ఈ గదికి పంపు, ఈ తలుపుకు ఈ తాళం, అని. ప్రతి సైటుకూ అవే ముప్పై నలభై లైన్లు, పేరు ఒక్కటే తేడా. చేత్తో రాస్తే ఎక్కడో ఒక చోట చెయ్యి జారుతుంది. ఏడో సైటు పెట్టినప్పుడు ఒక బ్రాకెట్ మూయడం మరిచాను, సర్వర్ మళ్ళీ లేవలేదు, ఏడు సైట్లూ గంటసేపు పడుకున్నాయి. ఆ రోజు నుంచి చేత్తో రాయడం మానేశాను. పేరు ఇస్తే చాలు, ఫైలు నింపి, తప్పులున్నాయేమో పరీక్షించి, ఆ తరువాతే సర్వర్‌ను కొత్త ఫైలు చదవమని చెప్పే స్క్రిప్టులు రాశాను. ఆ తాళాల, అంటే సర్టిఫికెట్ల, గడువులు చూసుకునేది ఒకటి, రాత్రి నకళ్లు తీసేది ఒకటి, ఇలా.

ఈ పనిలో నాకు తోడు ఒక తమ్ముడు. సొంత తమ్ముడు కాదు. మా ఫ్యాక్టరీలోనే కరెంటు మెయింటెనెన్సులో ఫోర్‌మన్‌గా రిటైరై, కూర్మన్నపాలెంలో స్థిరపడ్డాడు. సెక్షన్లో ఏసీ ఆగినా, ప్యానెల్ మాడినా వచ్చేది ఆయనే. నన్ను మొదటి రోజు నుంచి, అక్కా అనడానికి వాళ్ల వైపు మాటతో, అప్పా అనే పిలిచాడు. అరవై దాటాక నా దగ్గర కమాండ్లు నేర్చుకున్నాడు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చూసి, ఇదేటప్పా, మా కంట్రోల్ ప్యానెల్ కంటే నయమే, దీనికి షాక్ కొట్టదు, అన్నాడు.

ట్యాగ్ సంగతి నాకు నేర్పింది ఆయనే. నేను ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు మా సెక్షన్ స్విచ్చికి ఎర్ర అట్టముక్క ఒకటి వేలాడుతోంది. దాని మీద ఆయన పేరు, సంతకం. నాకు కరెంటు అత్యవసరం. పని అయిపోయినట్టే కనిపిస్తోంది, మనిషి లేడు. తీయబోతుంటే వెనక నుంచి వచ్చి ఆపాడు.

"అప్పా, సెయ్యెట్టకు. ఎవుడు తగిలించేడో ఆడే తీయాల. ఆ తీగ రెండో సివర ఎవుడి సెయ్యున్నాదో నీకు తెలీదు."

"నువ్వు టీకి వెళ్లావు కదా?"

"ఎల్తాను. ఎల్లినా ట్యాగు నానే. నాను ఇక్కడున్నట్టే."

"మనిషి సెలవులో ఉంటే?"

"ఇంటికి మడిసిని పంపుతారు. ఆడి నోటంట ఇనాల."

"అసలు రాలేని వాడైతే?"

ఆయన నవ్వాడు. "ఆడు పోతే ఆపీసరొచ్చి తీత్తాడు. పలానా మడిసి లేడు, అందుకని తీసేను, అని రాసి సంతకం ఎడతాడు. అప్పటి దాకా సెయ్యెట్టడు."

నా స్క్రిప్టుల్లో మొదటి లైనుగా ఆ నియమాన్ని పెట్టింది నేనే. ఇద్దరం ఒకే సర్వర్‌ను ముట్టుకుంటున్నాం, ఒకరి పని మధ్యలో ఇంకొకరు దూరకూడదు. పని మొదలుపెట్టేవాడు ట్యాగ్ అనే కమాండ్ ఇస్తాడు. ఆ మనిషి పేరుతో ఒక చిన్న ఫైలు పుడుతుంది. ఆ ఫైలు ఉన్నంతసేపు మిగతా స్క్రిప్టులేవీ సర్వర్‌ను కదపవు. తీయాలంటే తగిలించినవారి పేరు కొట్టాలి. ఆ పేరు ఎవరైనా కొట్టవచ్చు. అసలు ఆ ఫైలును ఒక్క మాటతో చెరిపేయవచ్చు. స్క్రిప్టు ఆపలేదు. ఎర్ర అట్టముక్క కూడా ఎవరినీ ఆపలేదు. మేము ఆగేవాళ్లం.

ఆగస్టులో ఆయన ట్యాగ్ తగిలించాడు. సర్వర్ కోసం మేము అద్దెకు తీసుకున్న మెషిన్ పాతబడింది, సైట్లన్నీ కొత్త మెషిన్‌కు మార్చాలి. ఈ పని నాను సేత్తానప్పా, నువ్వు సూడకు, అయ్యాక సూద్దువు, అన్నాడు. నేను చూడలేదు. ఆయనది నిదానం చెయ్యి. రోజుకు కొంచెం. ఒక్కో సైటు మార్చి, రెండు రోజులు చూసుకుని, ఇంకోటి.

ఆ నెలాఖరున పొద్దున్న పళ్లు తోముకుంటూ పడిపోయాడు. పక్షవాతం. కుడివైపు చచ్చుబడింది, మాట పోయింది. ఆస్పత్రికి వెళ్లి చూసి వచ్చాను. ట్యాగ్ నాకు గుర్తే ఉంది. కొత్తగా సైటు పెట్టమని ఎవరైనా అడిగితే ఆగండి, మా తమ్ముడు లేవాలి, అన్నాను.

నెలలో రెండో గురువారం నేను గడువులన్నీ చూసుకుంటాను. ఇంటి పన్ను, ఇన్సూరెన్సు, సైట్ల సర్టిఫికెట్లు. సెప్టెంబరు రెండో గురువారం చూస్తే డయాలిసిస్ సెంటర్ సర్టిఫికెట్ గడువు ఆదివారం ఉదయంతో అయిపోతోంది.

ఆ సర్టిఫికెట్ ఉంటేనే, ఈ పేజీ నిజంగా సెంటర్‌దే అని ఫోను నమ్ముతుంది. తొంభై రోజులే దాని ఆయుష్షు. గడువుకు ముప్పై రోజులుండగానే నా స్క్రిప్టు కొత్తది తెచ్చి పెడుతుంది. ఈసారి ఆ ముప్పై రోజులూ ట్యాగ్ వేలాడుతూనే ఉంది. స్క్రిప్టు రోజూ వచ్చి, ట్యాగ్ చూసి, వెనక్కి వెళ్లిపోయింది. రోజూ ఆ మాట నాకు చెప్పి మరీ వెళ్లింది.

గడువు దాటితే పేజీ పోదు. కానీ ఫోను ముందుగా ఎర్ర హెచ్చరిక చూపిస్తుంది, ఈ సైటు సురక్షితం కాదు అని. అది కనిపిస్తే ముందుకు వెళ్లొద్దని ఆ పేషెంట్లకు చెప్పింది నేనే. బ్యాంకు పేరుతో మోసాలు ఎక్కువైనప్పుడు సెంటర్లో వాళ్లందరినీ కూర్చోబెట్టి గంట చెప్పాను. ఎర్ర అక్షరం కనిపిస్తే ఆగిపోండి, ఎవరు చెప్పినా ముందుకు నొక్కకండి. టీచరమ్మ చేయెత్తి, మీ పేజీ అయినా ఆగిపోవాలా, అని అడిగింది. నా పేజీ అయినా, అన్నాను. వాళ్లు ఆగిపోతారు. సోమవారం వరుస తెలియక, రాకూడని షిఫ్టుకు వచ్చేవాళ్లు వస్తారు, రావలసినవాళ్లు ఇంట్లో ఉంటారు. ఒక్క డయాలిసిస్ తప్పితే ఏమవుతుందో నాలుగేళ్లు చూసినదాన్ని.

టెర్మినల్, ఆ నల్ల తెర, తెరిచాను. ట్యాగ్ ఫైలు చూశాను. ఆయన పేరు, తేదీ, కింద ఆయన మాట: "మిసను మార్పు. నానే తీత్తాను." ఆయన ఎలా మాట్లాడతాడో అలాగే రాసేవాడు.

ఒక్క కమాండ్. చెయ్యి దాని మీదికి వెళ్లలేదు. ఆయన భార్యకు ఫోను చేశాను. ఆస్పత్రిలో ఆయన దగ్గరే ఉంటోంది. నన్ను వదినా అంటుంది. విషయం చెప్పి, ట్యాగ్ తీస్తానన్నాను.

 ఆమె నెమ్మదిగా అంది. "ఒదినా, ఆయన ట్యాగు ఎవుళ్లు తీత్తారో నాకు తెలుసు. ముప్పయ్యేళ్లు ఆ కోటర్సులో ఉన్నాను. పక్కింటాయన పోయినపుడు ఆపీసరు ఎల్లి తీసేడు. మీరేటి, మా ఆయన్ని పోయినోళ్లలో కలిపేత్తన్నారా?"

"అలా కాదమ్మా. పేషెంట్లు..."

"ఇంటికి మడిసిని పంపాల కదా. ఆడి నోటంట ఇనాల కదా. మీరు రండి. ఆయన్నే అడగండి."

ఆమె చెప్పినది నియమమే. మర్నాడు శుక్రవారం సాయంత్రం పేషెంట్లను చూడనిచ్చే వేళకు ఆస్పత్రికి వెళ్లాను.

ఆయన మంచం మీద ఎడమవైపు తిరిగి ఉన్నాడు. ఎడమ చేత్తో మాట్లాడుకునే పద్ధతి ఒకటి భార్య ఏర్పాటు చేసింది. చెయ్యి పట్టుకుని అడిగితే, ఒకసారి నొక్కితే అవును, రెండుసార్లయితే కాదు. నీళ్లు కావాలా, ఫ్యాను వేయనా, ఇలాంటివాటికి సరిగ్గానే చెబుతున్నాడట.

ఆయన చెయ్యి పట్టుకున్నాను. బరువుగా, వెచ్చగా ఉంది.

"తమ్ముడూ, సర్వర్ మీద నీ ట్యాగ్ ఉంది. సెంటర్ సర్టిఫికెట్ గడువు అయిపోతోంది. ట్యాగ్ తీయనా?"

రెండుసార్లు నొక్కాడు. పొరపాటు పడడానికి లేదు.

"సూసేరా," అంది ఆమె. గొంతులో ఆనందం. "వొద్దంతన్నాడు."

నాకు అలా ఒక్క జవాబుతో సరిపోదు. ఏ పరికరాన్నయినా జవాబు తెలిసిన ప్రశ్నతో పరీక్షించాకే నమ్మాలి. "తమ్ముడూ, నేను మీ అప్పనేనా?" అని అడిగాను.

రెండుసార్లు నొక్కాడు.

ఆమె ఫక్కున నవ్వింది. "ఎక్కిరిత్తన్నాడు ఒదినా మిమ్మల్ని. నన్నే పరీచ్చ సేత్తావా అని. ఎప్పుడూ అంతే కదేటి మీ ఇద్దరూ."

ఆయన కళ్లలోకి చూశాను. ఎడమ కన్ను కొద్దిగా చిన్నదైంది. అది నవ్వో, కండరమో తెలియదు. బయట వరండాలో డ్యూటీ డాక్టరమ్మను అడిగాను. చిన్న పిల్ల, ఓపికగా చెప్పింది. నీళ్లు, ఫ్యాను వంటివి ఎదురుగా కనిపించే విషయాలు కనుక అందుకుంటున్నాడని, అంతకంటే పెద్ద ప్రశ్నలకు ఆయన అవును కాదులను నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోవద్దని. నేను ఏ పని గురించి అడుగుతున్నానో ఆమెకు చెప్పలేదు.

బస్సులో వస్తూ నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఆ కోపం అన్యాయమని తెలిసి కూడా వచ్చింది. ఆ వద్దు అన్న మాటకు అర్థం ఉంటే అదేమిటో చెప్పాలి కదా. లేకపోతే ఎందుకు అంత గట్టిగా నొక్కాలి.

ట్యాగ్ ఉన్న స్విచ్చిని కదపకూడదు కానీ చూడవచ్చు. శనివారం పొద్దున్నే కూర్చుని ఆయన ముట్టుకున్న ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచి చదివాను. నకళ్లలో ఉన్న పాతవాటి పక్కన పెట్టి, లైనుకు లైను సరిచూశాను. ఐదు సైట్లు పూర్తిగా మార్చేశాడు, శుభ్రంగా ఉన్నాయి. ఆరోది సెంటర్ ఫైలు. అందులో ఒక్క లైను మారింది. వచ్చేవాళ్లను కొత్త మెషిన్‌కు పంపమని ఉంది. కొత్త మెషిన్ తెరిచి చూశాను. అక్కడ సెంటర్ పేజీ ఉంది. దాని మీద ఉన్నది ఆగస్టు నెలలో ఆయన నకలు తీసిన రోజు వరుస.

 నడుస్తున్న సర్వర్ తన ఫైళ్లను నిమిష నిమిషానికీ చదవదు. చివరిసారి చదివింది తలలో పెట్టుకుని దాని ప్రకారం నడుస్తుంది. మళ్ళీ చదువు అని చెబితేనే చదువుతుంది. కొత్త సర్టిఫికెట్ పెట్టాక నా స్క్రిప్టు చేసే చివరి పని అదే, మళ్ళీ చదువు అని చెప్పడం. నేను గురువారమే ట్యాగ్ చెరిపి ఉంటే, శుక్రవారం పొద్దున్న స్క్రిప్టు సర్టిఫికెట్ తెచ్చేది, సర్వర్ ఆయన సగం ఫైలును కూడా చదివేది. పరీక్షలో తప్పు దొరికేది కాదు, ఎందుకంటే ఆ లైనులో రాతతప్పు లేదు. పేజీ చక్కగా తెరుచుకునేది. ఎర్ర హెచ్చరిక ఉండేది కాదు. పేషెంట్లు నమ్మకంగా పోయిన నెల వరుస చూసుకుని వచ్చేవారు. వాట్సాప్‌లో ఒక పాత ఫొటో చేసిన పనే, ఈసారి నా చేత్తో.

ఆ వద్దుకు అర్థం ఉందన్నమాట. ఉందని అనుకోవాలని నాకు చాలా ఉంది. కానీ అదే చెయ్యి నన్ను అప్ప కాదని కూడా చెప్పింది. రెండు జవాబులిచ్చాడు. ఒకటి సరైంది, ఒకటి తప్పు. ఒకటి నమ్మి ఇంకొకటి పక్కన పెట్టే హక్కు నాకు ఎక్కడిది?

మధ్యాహ్నానికి ఆమె బట్టలు మార్చుకోవడానికి ఇంటికి వస్తుందని తెలుసు. ఆ వేళకు ల్యాప్‌టాప్ పట్టుకుని కూర్మన్నపాలెం వెళ్లాను. ఆమె దండెం మీంచి చీర తీస్తూ, "మళ్ళీ ట్యాగు గురించేనా," అంది.

"అవును. కానీ మీ ఆయన వద్దన్నది నిజమేనేమో. కూర్చో, చెబుతాను."

చెప్పాను. ఆమెకు కంప్యూటర్ తెలియదు, ఫ్యాక్టరీ తెలుసు. కనుక మెషిన్లుగానే చెప్పాను. కొత్త మెషిన్‌కు ఒక తీగ కలిపి ఉంచాడు, ఇంకా కరెంటు ఇవ్వలేదు, ఇప్పుడు ఇస్తే అటువైపు పోతుంది, అటువైపు పాత సరుకుంది.

"అయితే ఆయన తప్పు సేసేడంతారా?"

"తప్పు కాదు. సగంలో ఉంది."

"సగంలో ఉన్న పనికి ట్యాగెలా తీత్తారు మరి?"

 నియమం ప్రకారం ఆమెదే సరి. సగం పని మీద ఉన్న ట్యాగ్ తీయకూడదు.

"నాను సదువుకోనేదు కానీ," అంది ఆమె, "ఆ మడిసి అన్నం మద్దెలో లేచెల్లిన రోజులున్నాయి, ట్యాగు మర్సిపోయేనని. మీరు తీసేత్తే ఆయనకి లేవాల్సిన పనేటుంటది?"

అప్పుడు అర్థమైంది, ఆమె దేన్ని పట్టుకుని ఉందో. నేను పేషెంట్ల గురించి మళ్ళీ చెప్పలేదు. చెప్పవలసింది వేరే ఉంది.

"చూడమ్మా. ఆ తీగను విప్పి పక్కన భద్రంగా పెడతాను. చెరపను. ఆయన రాసిన ఫైలు ఆయన పేరు మీదే ఉంటుంది. పాత తీగ మళ్ళీ కలుపుతాను. అప్పుడు ఈ స్విచ్చి మీద ఆయన పని ఉండదు. ఆయన సగం పని ఎక్కడుంది? కొత్త మెషిన్ మీద. ట్యాగ్ ఉండవలసింది అక్కడ. ఇక్కడ తీసి అక్కడ తగిలించాలి."

"మళ్ళీ తగిలిత్తారా? ఆయన పేరుతోటే?"

"ఆయన పేరుతోనే. అది అబద్ధం ట్యాగ్ కాదు. పని నిజంగా మిగిలి ఉంది. అక్కడ ఇంకెవరూ చెయ్యి పెట్టరు, నేను కూడా."

ఆమె చాలాసేపు చీర మడతపెట్టింది. పెట్టిన మడతే విప్పి మళ్ళీ పెట్టింది. "సంతకం ఎవులెడతారు? పలానా మడిసి లేడు అని మీరెడతారా?"

"ఎవరూ పెట్టరు. నువ్వు తీయి. ఇంటి మనిషివి. నీ చెయ్యి ఆయన చెయ్యే."

ముందు సెంటర్ ఫైల్లో పాత లైను మళ్ళీ కలిపాను. ఆయన ఫైలును పక్కన పెట్టాను. ఒకటికి రెండుసార్లు సరిచూశాను. తరువాత ల్యాప్‌టాప్ ఆమె ముందుకు తిప్పాను. తెర మీద స్క్రిప్టు అడుగుతోంది: "ట్యాగ్ తగిలించినవారి పేరు?"

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని చూసింది. "పేరా?"

నాకు అప్పటికి తట్టలేదు. ఆమె తరం వాళ్లు భర్త పేరు నోటితో చెప్పరు. ఆస్పత్రిలో కూడా పేషెంటు పేరు అడిగితే చీటీ చూపించేది. నేను కొట్టేస్తాలే, అన్నాను.

"వొద్దు. పలకడం ఏరు, ఇది ఏరు. అచ్చరాలు సూపించండి."

ఒక్కో అక్షరం ఎక్కడుందో వేలుతో చూపించాను. ఆమె ఒక్క వేలుతో, గట్టిగా, పిండి ముద్ద నొక్కినట్టు నొక్కింది. సగానికి వచ్చాక నా వేలు కోసం ఆగలేదు, తనే వెతుక్కుంది. చివర్న పెద్ద మీట నొక్కమన్నాను. ట్యాగ్ తీశాను, అని ఒక లైను వచ్చింది. ఆమె చీరకొంగుతో ఆ వేలు తుడుచుకుంది.

స్క్రిప్టు నడిచింది. కొత్త సర్టిఫికెట్ వచ్చింది. సర్వర్ ఫైళ్లు చదివింది. నా ఫోనులో సెంటర్ పేజీ తెరిచి చూశాను. గడువు డిసెంబరుకు మారింది. అందులో ఉన్నది ఆ రోజు వరుసే. నర్సుకు ఫోను చేసి, ఆ రోజు ఎవరెవరు ఉన్నారో చదవమని, ఒక్కో పేరూ నా తెర మీద చూసుకున్నాను. సరిపోయింది.

"ఇంక రెండోది," అంది ఆమె.

కొత్త మెషిన్ మీద ట్యాగ్ తగిలించే కమాండ్ ఇచ్చి, మళ్ళీ ఆమె ముందుకు తిప్పాను. ఈసారి అక్షరాలు చూపించక్కర్లేదు. కింద ఏమైనా రాయాలా అని అడిగింది. ఆయన ఏం రాశాడో చదివి వినిపించాను. అదే రాయమంది. రాశాను: "మిసను మార్పు. నానే తీత్తాను."

సోమవారం పొద్దున్న సెంటర్‌కు వెళ్లి కూర్చున్నాను. అవసరం లేదు, అయినా వెళ్లాను. మొదటి షిఫ్టువాళ్లు పన్నెండు మందీ వచ్చారు. టీచరమ్మది మధ్యాహ్నం వంతు. ఆమె మెట్ల మీద లేదు.

నాకు ఊరట కలగవలసింది. కలగలేదు. ఏదైనా జరిగితే నా స్క్రిప్టుల దగ్గరికి రాగలిగిన మనిషి ఆయనొక్కడే. నాకు డెబ్బై మూడు. నా పేరుతో ట్యాగ్ తగిలించి నేను పడిపోతే, ఇంటికి ఎవరిని పంపుతారు? ఇంట్లో ఎవరున్నారు? ఇప్పుడు ట్యాగ్ తగిలించవలసి వచ్చినప్పుడల్లా ముందు కూర్మన్నపాలెం ఫోను చేస్తున్నాను. నేను ఫలానా పని మొదలుపెడుతున్నాను, సాయంత్రానికి తీస్తాను, తీశానని నీకు చెబుతాను. చెప్పకపోతే మర్నాడు నువ్వు రావాలి. నా పేరు అక్షరాలు ఆమెకు రాసి ఇచ్చాను. "మీ పేరు నాను పలకొచ్చులెండి," అంది.

ఆయన ఇంటికి వచ్చాడు. రోజూ ఫిజియోథెరపీకి వెళ్తున్నాడు. మూడు నాలుగు మాటలు వస్తున్నాయి. నీళ్లు, వద్దు, ఇంకోటేదో భార్యకు మాత్రమే అర్థమయ్యేది. అప్పా అన్నది ఇంకా రాలేదు. పాత మెషిన్ గడువు దగ్గర పడుతోంది, మిగిలిన నాలుగు సైట్లూ మార్చాలి. కొత్త మెషిన్ మీద ట్యాగ్ ఉంది, మార్చలేను. ఇంకొక మెషిన్ అద్దెకు తీసుకుని అటు మారుస్తున్నాను, స్క్రిప్టులు ఇంకా అక్కడ పెట్టలేదు. ఇది లెక్కలో లేని పని, తెలివైన పని కూడా కాదు. ఎవరైనా అడిగితే కారణం చెప్పలేను.

పోయిన ఆదివారం చర్చి నుంచి అటే వెళ్లాను. ఆయన వరండాలో కుర్చీలో ఉన్నాడు. ఆమె నన్ను అడగకుండానే టేబుల్ లాగి, ల్యాప్‌టాప్ పెట్టించింది.

"ఒకపాలి సూద్దారి ఒదినా."

కొత్త మెషిన్ తెరిచి, ట్యాగ్ తీసే కమాండ్ ఇచ్చాను. తగిలించినవారి పేరు? అని తెర అడిగింది. ఆయన ఎడమ చేతిని మీటల మీద పెట్టాం. చాలాసేపు తెర వంకే చూశాడు. తరువాత తన పేరులో మొదటి అక్షరం నొక్కాడు. రెండోది కూడా సరిగ్గా నొక్కాడు. మూడో దాని కోసం వేలు మీటల మీద తిరిగింది, ఎక్కడా ఆగలేదు. చెయ్యి అలసి పక్కకు జారింది, జారుతూ పెద్ద మీట మీద పడింది.

తెర మీద వచ్చింది: "పేరు కలవలేదు. ట్యాగ్ తీయలేదు."

నేను ల్యాప్‌టాప్ మూయబోయాను. ఆయన భార్య నా చెయ్యి ఆపింది. "ఉండనీండి. సదవనీండి ఆయన్ని."

ఆయన ఆ లైనును చదివాడో లేదో నాకు తెలియదు. తెర తనంతట తాను ఆరిపోయేదాకా అటే చూస్తున్నాడు. ఆమె లోపలికి వెళ్లి టీ తెచ్చింది. ఆయనకు గ్లాసు పట్టుకుని తాగిస్తూ, "రెండు అచ్చరాలొచ్చేయి కదా," అంది. నాతో కాదు, ఆయనతో.

మర్నాడు పొద్దున్న ఆరింటికి రెండు సందేశాలు వచ్చాయి. పాత మెషిన్ తన పనులన్నీ వరుసగా చెప్పింది. ఆయన ట్యాగ్ ఉన్న కొత్తది ఒక్క వాక్యమే చెప్పింది. ట్యాగ్ ఉంది, ఏ పనీ చేయకుండా వెనక్కి వెళ్తున్నాను. కాఫీ పెట్టుకోకుండా దాన్ని రెండోసారి చదివాను.